కావలి కూడు

ఆ చార్టు నేను ఒంగోలులో కొన్నాను. పైనా కిందా నల్లటి బద్దలు, గోడకు తగిలించేందుకు తాడు, నిగనిగలాడే కాగితం మీద ‘సమతుల ఆహారం’ అని ఎర్రటి అక్షరాలు. బస్సులో నలిగిపోకుండా కనిగిరి దాకా ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నాను. అక్కడ ఇంకో బస్సు మారి, దిగాక రెండు కిలోమీటర్లు నడిచి బడికి చేరేసరికి తాడు నా చేతి చెమటకు తడిసిపోయింది. అది 1999. నాకు ఉద్యోగం వచ్చి నాలుగు నెలలు. మూడు, నాలుగు, అయిదు తరగతులు నావి. ఒకటీ రెండూ పెద్ద సారువి. ఊరి పేరు రాయను, ఇందులో ఆ పిల్లల ఇళ్ళ సంగతులు ఉన్నాయి కాబట్టి. కనిగిరి పక్క, కందీ సజ్జా పండే మెట్ట ఊరు అనుకోండి చాలు.

చార్టు తగిలించగానే పిల్లలంతా లేచి వచ్చేశారు. యాపిల్ పండు, ద్రాక్ష గుత్తి, అనాస, వెన్న ముద్ద, చిల్లులున్న చీజ్ ముక్క, బ్రెడ్డు, గాజు గ్లాసు నిండా పాలు. ఒక మూల అన్నం గిన్నె, దాని పక్కన చేప. వెనక నిలబడ్డ బుడ్డోడొకడు ముందుకు దూరి యాపిల్ మీద వేలు పెట్టి చూశాడు. నాలుగో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు చూసి నన్ను అడిగింది.

“టీచర్, ఇయ్యన్నీ తినేవాళ్ళు యాడుంటారు?”

ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. “అందరూ తినాలమ్మా, అప్పుడే ఆరోగ్యంగా ఉంటాం” అన్నాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పాఠం మొదలుపెట్టాను. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజ లవణాలు. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాసి, మూడుసార్లు చెప్పించి, మర్నాడు అప్పజెప్పమన్నాను. గడగడా అప్పజెప్పారు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

“మాంసకృత్తులు దేంట్లో ఉంటాయి?” అని ఒకణ్ణి లేపి అడిగితే “మాంసంలో టీచర్” అన్నాడు. ఇంకా? “కోడిమాంసంలో.” పప్పులో లేవా అంటే వాడు నా వైపు జాలిగా చూశాడు. “పప్పులో మాంసం ఎట్టుంటాది టీచర్?” అన్నాడు. పక్కవాడు అందుకుని, “మాకైతే మాంసకృత్తులు కనుమ పండక్కే టీచర్, మళ్ళా తిరునాళ్ళకు” అన్నాడు.

ఆ పేరులో మాంసం ఉంది కదా, పిల్లలు ఇంకేమనుకుంటారు! అప్పుడు ఒక్కొక్క మాటా తవ్వి చూశాను. పిండి పదార్థం అంటే పిండితో చేసింది, కాబట్టి సజ్జ రొట్టె పిండి పదార్థమే గానీ అన్నం కాదు. ఖనిజ లవణాలు అంటే ఉప్పు. పీచు అంటే కొబ్బరికాయ మీద ఒలిచి పారేసేది, దాన్ని తినమంటుందేంటి ఈ టీచర్ అనుకున్నారంట. అప్పజెప్పిన ప్రతి మాటకూ వాళ్ళ మనసులో వేరే అర్థం ఉంది. నాకు మాత్రం పాఠం వచ్చేసినట్టే వినిపించింది. చిన్నపిల్లలకు శాస్త్రం చెప్పేటప్పుడు మొదట చూడాల్సింది ఈ మాటలనేనని నా నమ్మకం. ఎంత మంచి పాఠమైనా మాట దగ్గరే జారిపోతుంది.

మర్నాడు పేర్లు మార్చేశాను. ఉరికే కూడు, ఎదిగే కూడు, కావలి కూడు. ఒంటికి శక్తినిచ్చి మనల్ని ఉరికించేది మొదటిది. అన్నం, సంగటి, రొట్టె, బెల్లం, నూనె. కండ పెంచి ఎదిగించేది రెండోది. పప్పు, ఉలవలు, అలసందలు, చెనక్కాయలు, గుడ్డు, పాలు, చేప, మాంసం. జబ్బులు రాకుండా కావలి కాసేది మూడోది. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు. కావలి అంటే ఏంటో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. సజ్జ కంకి పాలు పోసుకునే రోజుల్లో సగంమంది పిల్లలు బడి ఎగ్గొట్టి వడిసెల పట్టుకుని మంచె మీద ఉండేవాళ్ళే. “కావలి మా అత్తమ్మోళ్ళ ఊరు టీచర్!” అని ఒక పిల్ల ఎగిరింది. సరే, అదీ గుర్తుండిపోవడానికి పనికొచ్చింది.

పెద్ద సారుకు ఇది నచ్చలేదు. “కూడు ఏంటమ్మా, ఆహారం అనాలి. రేపు పరీక్షలో ఏం రాస్తారు?” అన్నారు. ఆయన భయమూ న్యాయమే. పరీక్షలకు పుస్తకం పేర్లు నేర్పిస్తానని మాట ఇచ్చాను, నేర్పించాను. కానీ ముందు కూడు, తర్వాతే ఆహారం.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

సోమవారం సోమవారం ‘నిన్న మీ ఇంట్లో ఏం తిన్నారు’ అని అందరినీ అడిగి బోర్డు మీద రాసేదాన్ని. అందరిదీ ఒకటే జవాబు, అన్నం, పప్పు, కూర. నేను నమ్మాను. మాది ఒంగోలు. మా ఇంట్లో మూడు పూటలా అన్నమే, ఊరంతా అంతేననుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం నీళ్ళ కుండ దగ్గరికి వెళుతుంటే, చార్టు చూసి యాడుంటారని అడిగిన ఆ పిల్ల కనబడింది. రెండు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి వచ్చేది కాబట్టి క్యారేజీ తెచ్చుకునేది. గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎడమ చేత్తో గిన్నె మూత పూర్తిగా తియ్యకుండా చాటుగా పట్టుకుని, కుడి చెయ్యి మూత కిందికి పోనిచ్చి, చిన్న ముద్ద తుంచి గబుక్కున నోట్లో వేసుకుంటోంది. “ఏం తింటున్నావమ్మా?” అంటే ఉలిక్కిపడి “అన్నం టీచర్” అంది. వేళ్ళకు గోధుమరంగు జిగురు అంటుకుని ఉంది. పావడా అంచుకు తుడిచేసుకుంది.

రాగి సంగటి.

నేనేమీ అనలేదు. తరగతిలోకి వచ్చి చార్టు వైపు చూశాను. అన్నం గిన్నె ఉంది. సంగటి లేదు, ఉలవలు లేవు, గురుగాకు లేదు. ఆ పిల్ల ఇంట్లో ఉన్నది ఒక్కటీ లేదు. నేను కొట్టిన మేకుకే వేలాడుతోంది దాని సిగ్గు.

ఆ సిగ్గు పిల్లల్లోనే పుట్టింది కాదు. ఆ మెట్ట ఊళ్ళలో అన్నం అంటే పండగ రోజు తినేది, చుట్టం వస్తే వండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక చాలా పేదిళ్ళలోనూ అన్నం ఉడికింది. ఎన్నో కడుపులు నిండాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ దాంతోపాటే సంగటి తినేవాళ్ళు, అన్నం తినేవాళ్ళు అని ఇంకో గీత గీసుకున్నారు. పిల్లలు ఆ గీతను పెద్దవాళ్ళ కన్నా బాగా చూస్తారు.

ఆ శనివారం సాయంత్రం ఆ పిల్ల వెంట వాళ్ళ పల్లెకు వెళ్ళాను. అమ్మానాన్నా హైదరాబాదులో బేల్దారి పనికి పోయారు. ఇంట్లో అవ్వ ఒక్కతే. నన్ను చూసి హడావుడిగా ఎవరింటికో బియ్యానికి పంపబోతుంటే ఆపాను. “అవ్వా, మీరు తినేదే నాకూ పెట్టు” అన్నాను. అవ్వ నమ్మలేదు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ సంగటి చేయడం నేను పొయ్యి పక్కన కూర్చుని చూశాను. ఎసట్లో గుప్పెడు నూక ఉడికాక రాగిపిండి కుప్పగా పోసింది. కలపలేదు, మూత పెట్టి అలాగే మగ్గనిచ్చింది. తర్వాత కుండను కాళ్ళ సందున ఇరికించుకుని తెడ్డుతో గిలకొట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి, భుజాల నరాలు తేలాయి, ఒక్క ఉండ కూడా కట్టనివ్వలేదు. తడి చేత్తో ముద్ద చేసి పళ్ళెంలో వేసి, నడుమ బొటనవేలితో గుంట చేసి, అందులో గురుగాకు పుల్లగూర వేసింది. ఆకు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపిన కూర. నేను ముద్దను నమలబోతే అవ్వ నవ్వింది. “మింగాల టీచరమ్మా. నమిల్తే పండ్లకంటుకుంటాది” అంది.

సోమవారం నా క్యారేజీలో సంగటి తెచ్చుకున్నాను. అవ్వ దగ్గర పిండి తీసుకుని నేనే చేశాను, కొంచెం ఉండలు కట్టింది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక వరండాలో పిల్లల మధ్య కూర్చుని మూత తీసి పక్కన పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. తినడం మొదలుపెట్టాను. కాసేపటికి ఒక పిల్లవాడు “టీచర్, మా ఇంట్లోనూ అదే” అన్నాడు. ఇంకొకడు “మాది సజ్జ సంగటి” అన్నాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. గిన్నె మూత మాత్రం నేలమీద పెట్టింది.

ఆ తర్వాతి సోమవారం నుంచి బోర్డు మీద నిజాలు రాయడం మొదలైంది.

సంగటి గొప్పదని నేను చెబితే చాలదు, వాళ్ళే చూడాలి కదా. ఆరోగ్య కేంద్రం నర్సమ్మను అడిగి టింక్చర్ అయోడిన్ చిన్న సీసా తెచ్చాను. కొంచెం నీళ్ళు కలిపి పలచన చేశాను. అరిటాకు ముక్క మీద వరసగా నాలుగు మెతుకులు, చిటికెడు సంగటి, ఉప్పు, బెండకాయ ముక్క పెట్టాం. అన్నం మీద ఒక చుక్క వేయగానే గోధుమరంగు చుక్క నీలంగా, చూస్తుండగానే నల్లగా మారింది. “అమ్మో!” అని అందరూ వెనక్కి జరిగారు. సంగటి మీద వేసే ముందు తరగతి ఊపిరి బిగబట్టింది. అదీ నల్లబడింది. “అన్నంలాగే!” అని అరిచారు. పిండి పదార్థం ఉంటేనే అలా నల్లబడుతుంది. ఉప్పు మీద వేస్తే ఏమీ కాలేదు. ఆ చుక్కలు పడినవి తినకూడదని చెప్పి, గుంట తీసి పూడ్చిపెట్టాం. పిల్లలు దానికి పువ్వులు కూడా పెట్టారు, ఎందుకో నాకు తెలియదు.

చెనక్కాయ గింజను కాగితం మీద నలిపి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు కనిపించే మరక పడుతుంది. నీటి మరకైతే ఆరిపోతుంది, నూనె మరక ఆరదు. అది కొవ్వు. ఈ ప్రయోగం మూడో తరగతి పిల్లలకు ఎంత నచ్చిందంటే, వారం రోజులు నోటు పుస్తకాలన్నీ మరకలే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలు నర్సమ్మ దగ్గర చూశాను. నూరు గ్రాముల మరపట్టిన బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు, రాగుల్లో 344. మునగాకులో 440. ఉలవల్లో, కందిపప్పులో మాంసకృత్తులు నూటికి 22 వంతులు, చెనక్కాయ గింజల్లో 25. మాంసంలో ఉన్నదానికి తూకంలో తక్కువేమీ కాదు. గుడ్డు, పాలు, మాంసంలోవి ఒంటికి బాగా పడతాయన్నది నిజమే. అయితే సంగటితో పప్పు కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఆ అంకెలు బోర్డు మీద రాసినప్పుడు, రాగుల 344ను సుద్దముక్క అరిగేలా పెద్దగా రాశాను.

అవ్వను ఒకరోజు బడికి పిలిచాను. “ఏందమ్మా, ఇదేమన్నా సదువా? కూడు తినేది కూడా బళ్ళో నేర్పాల్నా?” అంటూనే కొంగులో ఆకులు మూటగట్టుకుని వచ్చింది. నేలమీద పరిచి ఒక్కొక్కటీ చెప్పింది. ఇది గురుగాకు, ఇది చెంచలాకు, ఇది పొన్నగంటాకు, కంటికి మంచిది. ఇది అవిసాకు. ఇది తినకూడదు, మేకలు కూడా ముట్టవు. పిల్లలు ఆ రోజు నుంచి ఆకులు ఏరుకురావడం మొదలుపెట్టారు. పాత లెడ్జర్ పుస్తకంలో కాగితాల మధ్య ఆరబెట్టి, అంటించి, పక్కన పేరు, ఎక్కడ దొరికింది, ఎట్టా వండుతారు అని వాళ్ళ చేతే రాయించాను. 19 రకాలయ్యాయి. నాకు తెలిసినవి అయిదే.

అప్పుడే వాళ్ళకు యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చెప్పాను. భీమవరంలో పుట్టిన మనిషి. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ దాని బారిన పడి బయటపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్ళి, 1940లలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఆ జబ్బుకు పనికొచ్చిన మందు అదే. ఫోలిక్ అన్న మాట లాటిన్‌లో ఆకు అన్న మాట నుంచి వచ్చింది, ఎందుకంటే అది ఆకుకూరల్లో ఉంటుంది. రక్తం పట్టడానికి కావాలి. కథ విన్నాక ఒక పిల్లవాడు లెడ్జర్ పుస్తకం అట్ట మీద ‘సుబ్బారావు తాత ఆకులు’ అని రాశాడు. చెరపలేదు.

కంటికి మంచిదని అవ్వ అన్న మాట ఎంత అవసరమో 2000 జనవరిలో తెలిసింది. రిపబ్లిక్ డేకి పాటలు నేర్పిస్తూ సందె వేళ దాకా పిల్లల్ని ఉంచాను. వెలుతురు మసకబారేసరికి మూడో తరగతి పిల్లవాడొకడు గోడ పట్టుకుని నడవడం చూశాను. మెట్టు దగ్గర ఆగి, కాలితో తడిమి, దిగాడు. భయపడుతున్నాడేమో అనుకున్నాను. ఇంటికి దిగబెట్టడానికి వెళితే వాళ్ళమ్మ, “వాడికి రేజీకటి టీచర్. మా మామకూ ఉండేది” అంది. వంశంలో ఉన్నదానికి ఏం చేస్తాం అన్నట్టు.

మర్నాడే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు కళ్ళు చూసి విటమిన్ ఎ మందు తాగించారు, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పారు. ఇంట్లో ఏం పెట్టాలో వివరంగా చెప్పారు. ఆకుకూర, బొప్పాయి, మామిడి, దొరికితే గుడ్డు. ఆకుకూరలో నూనె చుక్క తప్పకుండా పడాలి, లేకపోతే అందులోది ఒంటికి సరిగ్గా పట్టదు. ఆ తల్లి ఆకుకూర రోజూ వండుతోంది, పాపం. నూనె కొనలేక ఉత్త ఉడకబెట్టిన పుల్లగూర పెడుతోంది. చెనక్కాయలు దంచి కూరలో వేసినా నూనె ఉంటుందని నేను చెప్పాను, కాగితం మరక గుర్తుంది కదా.

వారం పోయాక ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, నేనుండే గది తలుపు కొట్టాడు వాడు. ఒక్కడే వచ్చాడు. గుప్పిట తెరిచి చూపించాడు. నీలం గోళీ. “దిబ్బలో పడింది టీచర్. ఇప్పుడే, నేనే ఎతుక్కున్నా” అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటినవాడు, ఇప్పుడు ఎక్కడో లారీ నడుపుతున్నాడని విన్నాను. రాత్రిపూట కూడా నడుపుతాడంట.

అన్నింటికీ నా దగ్గర జవాబు లేకపోయింది. నీళ్ళ పాఠం వచ్చింది. నీరు కూడా మన ఒంటికి అవసరమే, శుభ్రమైన నీరు తాగాలి, కాచి చల్లార్చి తాగాలి అని చెబుతున్నాను. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్ల లేచి, “కాస్తే ఈ మచ్చలు రావా టీచర్?” అంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మా వైపు ఊళ్ళకు అది కొత్త కాదు. పొదిలి, దర్శి, కనిగిరి అంతా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఈ జబ్బును ఇక్కడ గుర్తించారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ప్రమాదం. కాస్తే పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పళ్ళు లోపల తయారయ్యే వయసులో పడ్డ మచ్చ తర్వాత పోదు. ఆ పిల్లకు “కాస్తే పోదమ్మా” అని చెప్పడానికి నాకు గొంతు రాలేదు. చెప్పాను. మీ చిన్న తమ్ముడికి ఆ బోరు నీళ్ళు పట్టొద్దు, వంటకూ తాగడానికీ రక్షిత నీటి ట్యాంకరు వచ్చిన రోజు పట్టుకున్నవి వాడండి అని చెప్పాను. కాల్షియం, విటమిన్ సి బాగా అందితే ఎముకలకు కొంత కాపు అని డాక్టరుగారు చెప్పారు కాబట్టి, రాగులు, జామకాయ, నిమ్మకాయ అని మళ్ళీ అదే పాట పాడాను. ఇంత చెప్పినా, మంచినీళ్ళు ఇవ్వాల్సిన చోట ఆహారం పాఠం చెబుతున్నానే అన్న బాధ మాత్రం పోలేదు.

2002లో కరువు వచ్చింది. కంది ఎండిపోయింది, సజ్జ కంకి వేయలేదు. తరగతిలో సగం ఇళ్ళలో పెద్దవాళ్ళు వలస పోయారు, పిల్లలు అవ్వల దగ్గర మిగిలారు. అప్పటిదాకా హాజరు సరిగ్గా ఉన్న పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళం, నెలాఖరున సంచులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. 2003 జనవరి నుంచి బడిలోనే వండి పెట్టడం మొదలైంది. ఒక్కో పిల్లకు నూరు గ్రాముల బియ్యం. డ్వాక్రా అక్కయ్యలు ఇద్దరు చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండారు. మొదటి రోజు వడ్డించగానే పిల్లలు మాట్లాడకుండా తిన్నారు. నలభై మంది పిల్లలున్న చోట అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

తర్వాత్తర్వాత నోళ్ళు లేచాయి. పళ్ళెం చూసి లెక్క చెప్పే ఆట ఒకటి మాకు అలవాటు. ఉరికేది వచ్చిందా? వచ్చింది. ఎదిగేది? పప్పు వచ్చింది. కావలోడు? “కావలోడు రాలేదు టీచర్!” అని అందరూ ఒక్కసారే అరిచేవాళ్ళు. వండే అక్కయ్యకు మొదట్లో కోపం వచ్చింది. “కూరగాయలకు ఇచ్చే డబ్బులు ఎన్నని టీచర్, నేనేం చెయ్యను?” అంది. ఆమె మాటలో తప్పేముంది?

ఆ వేసవికి ముందే అవ్వ పంపిన మునగ కొమ్మ ఒకటి బడి వెనక నాటి ఉంచాం, మోకాలెత్తు కంచె కట్టి. పిల్లలు చేతులు కడిగిన నీళ్ళు దానికే. మునగ దగ్గర ఒక మంచి గుణం ఉంది, ఎక్కువ ఎదురుచూడనివ్వదు. ఏడాది తిరిగేసరికి నా తలను దాటింది. రోజూ పదిన్నరకు అయిదో తరగతి పిల్లలు ఇద్దరు రెండు రెమ్మలు కోసుకొచ్చి ఆకు దూసి అక్కయ్యకు ఇచ్చేవాళ్ళు. ఉడుకుతున్న పప్పులో పడేది. దించాక నిమ్మకాయ పిండేది. పులుపు తగిలితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇంట్లో తినగానే టీ తాగొద్దని, తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదని పిల్లలు అవ్వలకు చెప్పి తిట్లు కూడా తిన్నారు.

2006లో నాకు బదిలీ అయింది. తర్వాత చాలా బడులు తిరిగాను. పిల్లలకు ఇనుము మాత్రలు ఇచ్చాను, ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్రలు మింగించాను. 2023లో బడుల్లో రాగి జావ మొదలైనప్పుడు నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. బెల్లం వేసిన వేడి జావ స్టీలు గ్లాసుల్లో. ఒకటో తరగతి పిల్ల ఒకతి తాగేసి, గ్లాసు బోర్లించి, అంచు చుట్టూ నాకుతోంది. చాటుగా కాదు, వరండా నడిమధ్య నిలబడి.

మొన్న ఆ సంగటి పిల్ల ఫోను చేసింది. నా నంబరు ఎవర్ని పట్టుకుని సంపాదించిందో. హైదరాబాదులోనే ఉంటోంది, భర్తది బేల్దారి పనే. కొడుకు రెండో తరగతి. “ఇక్కడ బజార్లో మునగాకు అమ్ముతుండారు టీచర్, కట్ట పది రూపాయలంట. కొనాలంటే చెయ్యి రాలా” అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. “మన బడి వెనకాల చెట్టు ఉండాదా?” అని అడిగింది.

చెట్టు లేదు. నేను వచ్చేసిన మూడో ఏడు గాలివానకు పడిపోయింది, మునగ పెళుసు కదా. ఆ రోజు బడికొచ్చిన పిల్లలు కొట్టేసిన కొమ్మలు తలా ఒకటి భుజాన వేసుకుని ఇళ్ళకు మోసుకుపోయారంట, నాటుకోవడానికి. పెద్ద సారు నాకు ఉత్తరం రాశారు ఆ సంగతి. అదే చెప్పాను.

“మా పల్లెకూ తెచ్చుంటారా టీచర్?” అంది. అవ్వ పోయి పన్నెండేళ్ళయింది, ఇంటికి తాళం. దొడ్లో ఏముందో చూసి చాలా రోజులైందంట. ఈసారి తిరునాళ్ళకు ఊరికి పోయినప్పుడు చూసి ఫోను చేస్తానంది.